చీపురుపుల్లంత గట్టు

పొద్దున్నే ఆరింటికి కువైట్‌లో, ఎగైలాలోని కంపెనీ ఆఫీసు తాళం తియ్యడం, టీకి నీళ్ళు పెట్టడం, ఊరు ఎంత పెరిగిందో చూడడం. వెంకటరాజుకి రోజు ఈ మూడు పనులతో మొదలవుతుంది. ఊరంటే బయట ఉన్న ఊరు కాదు, హాలు మధ్యలో బల్లమీద గాజుమూత కింద ఉన్న ఊరు. ఎడారిలో కొత్త కాలనీలు కట్టడానికి కొరియా నుంచి వచ్చిన ఇంజనీరు యూన్ గారు, 'మీకూ ఇలాంటిది కట్టిస్తాం' అని ఇక్కడి పెద్దలకి చూపించడానికి తన సొంత ఊరి నమూనా చేయించి తెచ్చుకున్నారు. ఒక పక్క వరిపొలాలు, ఒక పక్క అపార్ట్‌మెంట్లు, నడుమ ఓ పిల్లకాలవ. అక్కడ కొరియాలో ఒక అంతస్తు లేచిందంటే తెల్లారేసరికి ఇక్కడ బల్లమీదా లేస్తుంది. రెండేళ్ళలో ఒక్కటి తప్ప పొలాలన్నీ పోయి టవర్లు గాజుమూతకి తగిలితే, మేనేజరు హారూన్ వడ్రంగిని పిలిపించి మూతని జానెడు ఎత్తు చేయించాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఊళ్ళన్నాక పెరుగుతాయి.

వెంకటరాజుది కోనసీమ. అనుమానం ఆయనకి పొద్దుటి కాఫీ లాంటిది, పడకపోతే పని సాగదు. ఆఫీసు పంచదార డబ్బాకి లోపల పెన్సిలు గీత ఉంటుంది. అబూ హలీఫాలో రూములో ఆయన సబ్బుకి కూడా గుర్తు ఉంటుంది. అలాంటి మనిషి కాబట్టే, బల్లమీద మిగిలిన ఒకే ఒక్క పొలం, అరచెయ్యంత పొలం, పెరుగుతోందని ముందు ఆయనే కనిపెట్టాడు. పొలాలు తరగడం చూశాడు గాని పెరగడం ఎక్కడా చూడలేదు. అగ్గిపుల్ల పెట్టి కొలిచాడు. చీపురుపుల్లంత గట్టు, వారానికి అగ్గిపుల్ల మందాన అపార్ట్‌మెంట్ల వైపు జరుగుతోంది. నెల తిరిగేసరికి ప్రహరీగోడ కాస్త ఒరిగింది.

ఆ గోడ హారూన్ కంటా పడింది. ఆదివారం పెద్దలొస్తున్నారు, గోడ ఒరిగిన ఊరిని వాళ్ళకెలా చూపిస్తామని ఉర్దూలో ఎగిరాడు. హాలు తాళాలు ఉన్నవి ఇద్దరి దగ్గరే. ఒకటి టీ పెట్టే వెంకటరాజు దగ్గర, రెండోది ఊడ్చి తుడిచే బాలసుబ్బయ్య దగ్గర. బాలసుబ్బయ్యది కడప జిల్లా. వెంకటరాజుతో ఒకే రూములో ఉంటాడు, నోట్లో నాలుక లేని మనిషి. గట్టు జరిపిందెవరో తేలకపోతే ఇద్దరి ఇఖామాలూ ఖలాస్, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు రద్దు, అన్నాడు హారూన్.

వెంకటరాజు ఆలోచించడానికి పెద్దగా టైము తీసుకోలేదు.

"బల్లమీద నీటిచుక్కలు చూశానండి. తుడిచేది ఆయనేనండి" అన్నాడు.

బాలసుబ్బయ్య దాచలేదు. "పోసినా సార్. సీసా మూతతో ఇన్ని నీల్లు. పైరు ఎండిపోతాంటే సూస్తా ఉండలేకపోయినా. గట్టు మాత్రం నేను ముట్టుకోల్యా."

హారూన్ మొదటి మాట దగ్గరే వినడం ఆపేశాడు. బాలసుబ్బయ్య ఇఖామా ఈ నెలాఖరుతో అయిపోతుంది, ఇక కొత్తది చేయించేది లేదు, పెట్టె సర్దుకోమన్నాడు.

ఆ సాయంత్రం రూములో బాలసుబ్బయ్య తిట్టలేదు, దెబ్బలాడలేదు. అదే వెంకటరాజుకి మింగుడు పడలేదు. బట్టలు మడతపెట్టుకుంటూ ఆయనొక్క మాట అడిగాడు.

"అన్నా, గట్టును జరపచ్చునా? మా పక్క చేనికీ చేనికీ మధ్యన రాయి పాతుకుంటాం. గట్టు జరుగుతాదని నాకు తెలీనే తెలీదు."

వెంకటరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే గట్టు ఎలా జరుగుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ గల్ఫులో లేరు. దమ్ము చేసే రోజుల్లో తెల్లవారుజామునే వెళ్ళి, మనవైపు రెండువేళ్ళ మందం చెక్కి, ఆ మట్టిని అవతలివైపు మెత్తాలి. మట్టి తడిగా ఉంటే పొద్దెక్కేసరికి ఆనవాలు ఉండదు. కువైట్ రాకముందు పదకొండేళ్ళు అలా చెక్కాడు. పక్క చేను గంగారత్నం గారిది. ఆవిడ ఓసారి ఉండబట్టలేక అడిగితే, కర్పూరం ఆర్పి ఒట్టేసి, మీకు అనుమానం ఎక్కువండి అని ఆవిడకే బుద్ధి చెప్పి పంపాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆనాటి నుంచీ పంచదార డబ్బాలకి గీతలు గీస్తూనే ఉన్నాడు.

మర్నాడు గురువారం. ఐదింటికే ఆఫీసుకి వెళ్ళి, యూన్ గారి భూతద్దం తీసి, గాజుమూత ఎత్తి కూర్చున్నాడు. కిటికీలోంచి వెలుగు పడేసరికి గట్టుమీద కదలిక కనబడింది. నువ్వుగింజంత మనిషి. చేతిలో వెంట్రుకంత పార. తనవైపు చెక్కుతున్నాడు, గోడవైపు మెత్తుతున్నాడు, అరికాలితో అణుస్తున్నాడు. మధ్యమధ్య నడుం ఎత్తి అటూ ఇటూ చూస్తున్నాడు. ఆ చూపు వెంకటరాజుకి బాగా తెలుసు.

మూత దించేసి ఊరుకుంటే అయిపోయేది. తన ఇఖామాకి ఢోకా లేదు, బాలసుబ్బయ్య పోతే సబ్బుకి గుర్తు పెట్టే పనీ తప్పుతుంది. వెంకటరాజుకి సిగ్గేసింది. చాలా ఏళ్ళ తర్వాత వేసిన సిగ్గు కాబట్టి గట్టిగానే వేసింది.

ఏడింటికి యూన్ గారు రాగానే భూతద్దం చేతికిచ్చి చూడమన్నాడు. ఆయన చూశారు, నమ్మినట్టు లేదు. అతను చేస్తున్నది గట్టు జరపడమేనని నీకెలా తెలుసని అడిగారు.

"నేనూ చేశానండి" అన్నాడు వెంకటరాజు. తనకొచ్చిన హిందీలో, ఇంగ్లీషులో, రాని చోట చేతులతో చెక్కి చూపించి, పదకొండేళ్ళదీ చెప్పేశాడు. బాలసుబ్బయ్య పోసింది నీళ్ళేనని కూడా చెప్పాడు.

యూన్ గారు మళ్ళీ వంగి చాలాసేపు చూశారు. చివరికి, అతను మా అన్న అన్నారు. ఆ ప్రహరీ అన్న పొలంలోకి రెండు మీటర్లు వెళ్ళేలా కాగితం మీద గీత గీసింది తనేనట. అప్పటినుంచీ అన్నదమ్ములకి మాటల్లేవట. ఆయన ఫోను పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. గంట తర్వాత బయటికొచ్చి, బాలసుబ్బయ్యకి కొత్త ఇఖామా కోసం కాగితాలు వెంటనే పంపించమని హారూన్‌తో చెప్పారు.

ఆదివారం పొద్దున వెంకటరాజు, బాలసుబ్బయ్య కలిసి తాళం తీశారు. బల్లమీద గోడ రెండు అగ్గిపుల్లల మందం వెనక్కి వెళ్ళి నిటారుగా నిలబడి ఉంది. గట్టుమీద మాత్రం ఎవరూ లేరు. నువ్వుగింజంత మనిషి ఎటు పోయాడా అని వెతుకుతుంటే వెంకటరాజు ఫోను మోగింది. కోనసీమ నుంచి భార్య పద్మశ్రీ.

"ఏవండీ, మన చేను గట్టు జరిగిపోయిందండీ. నిన్న సాయంత్రం బానే ఉంది, ఇప్పుడొచ్చి చూస్తే మూరెడు మనవైపొచ్చేసింది. ఇది ఆ గంగారత్నం గారి పనేనండి. ఆవిడ చేలోనే ఉంది, అడగమంటారా?"

వెంకటరాజు భూతద్దం కింద వెతుకుతూనే ఉన్నాడు. పిల్లకాలవ దగ్గర కనబడ్డాడు ఆ మనిషి. అప్పుడే ఎక్కడినుంచో వచ్చినట్టున్నాడు, ఒడ్డున కూర్చుని పార కడుక్కుంటున్నాడు. అక్కడి మట్టి ఎర్రమట్టి. పార మీంచి కారుతున్నది మాత్రం గోదావరి ఒండ్రు, నల్లగా.

"ఆవిడ పని కాదు పద్మా. ఆ మూరెడూ ఆవిడదే. నేనే చెక్కాను."

"ఇప్పుడు ఆవిడకి ఏమని చెప్పమంటారండి?" అంది పద్మశ్రీ.

"నువ్వు చెప్పద్దు. ఫోను ఆవిడకియ్యి."

పద్మశ్రీ గట్టు దిగి నీళ్ళలో నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. పక్కన బాలసుబ్బయ్య సీసా మూత నింపి, అరచెయ్యంత పొలానికి జాగ్రత్తగా నీళ్ళు పెడుతున్నాడు. వెంకటరాజు భూతద్దం బల్లమీద పెట్టేశాడు.

"ఎవరండీ?" అంది గంగారత్నం గారు.

వెంకటరాజు తన పేరు చెప్పాడు.