మాల వేసిన ఫొటో

ముందు గొంతు వినిపించేది. ఆకులు కోసే కత్తెర్ల చప్పుడును మించి, కేరళ కణ్ణూరులోని మా బీడీల షెడ్డు గోడ దాటి, వీధి మలుపు దాకా. ఆ తర్వాతే మనిషి కనిపించేవాడు: ఎత్తుపీట మీద, జారిన కళ్లద్దాలతో, చేతిలో దినపత్రికతో. ఆయన బీడీలు చుట్టడు, చదువుతాడు. మేం వింటూ చుడతాం. ఆయన వాటాకు తలా ఒక పిడికెడు బీడీలు వేస్తాం. ముప్పై ఏళ్ల ఒప్పందం. మాకాయన ఏట్టన్, అంటే అన్నయ్య. పేరుతో పనే పడలేదు.

ఈమధ్య పిడికిళ్లు చిన్నవయ్యాయి.

"అది నిన్ననే ఫోన్‌లో చూసేశాంలే ఏట్టా," అనేది శ్రీజ.

"చూశావు సరే. అచ్చులో ఉందా? అచ్చయిందే నిజం."

వానల్లో ఆయన గొంతు పట్టేసింది. మూడు రోజులు రాలేదు. శ్రీజ బెంగపడి, ముప్పై ఏళ్ల సన్మానంలో మేం ఆయనకు మాల వేసిన ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "మూడు రోజులుగా చదువు లేదు" అని రాసింది. జనం మాల చూశారు, రాత చూడలేదు. సాయంత్రానికి అయిదు గ్రూపుల్లో దండాలు, కన్నీళ్లు. వాటిలో ఊరి విలేఖరి కూడా ఉన్నాడని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఏట్టన్ గుమ్మంలో కాలు పెట్టగానే ముసలి జానకేచ్చి ఒళ్లోని చేట జారిపోయింది.

"నువ్వు పోయావటగా!"

"ఎవరన్నారు?"

"అయిదు గ్రూపులు! రాత్రి అన్నం కూడా మానేశాను."

"అయితే ఇవాళ రెండు పూటలది తిను." ఆయన పీటెక్కి, మడత విప్పని పత్రిక పైకెత్తాడు. "చావుల పేజీ చదువుతా. అందులో నా పేరు లేకుంటే, రేపట్నుంచి చదివినంతసేపూ మీ ఫోన్లు పెట్టెలో. ఉంటే, పీట దిగి మీతో ఆకు కోస్తా."

"మాట తప్పకూడదు ఏట్టా," అంది శ్రీజ.

ఒక్కో పేరూ గంభీరంగా చదివాడు. మూడో వరుసలో ఆగాడు. మావైపు రంగుల డబ్బా ప్రకటన తప్ప ఏమీ కనిపించలేదు. దాటేసినా మాకు తెలిసేది కాదు. కానీ ముప్పై ఏళ్లలో ఆయన ఎరువుల ప్రకటన కూడా దాటేయలేదు.

"నీళ్లు కావాలా ఏట్టా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మెల్లగా పీట దిగాడు. వీధి మలుపు దాకా వినిపించే అదే గొంతుతో చదివాడు:

"బీడీల షెడ్డులో ముప్పై ఏళ్లు పత్రిక చదివి వినిపించిన, పుతియపురయిల్ చాత్తుక్కుట్టి."