ఆత్మకూరులో ఊదుడు పరీక్ష

దగ్గు నాది, తీర్పు మా ఆయనది. నేను గల్లా దగ్గర కూర్చుని దగ్గుతుంటే గిరాకీ పోతుందట. పెళ్లయిన నాటినుంచీ ఉదయగిరిలో నేను నడిపిన కిరాణా కొట్టు నుంచి నన్నే ఇంటికి పంపాడు. కఫం పరీక్షలోనూ ఎక్స్‌రేలోనూ టీబీ లేదని తేలింది. అయినా జబ్బు పేరేందో తెలిసేదాకా కొట్టు గడప తొక్కొద్దన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఆ పేరు తేల్చే ఊదుడు పరీక్ష కోసం ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్లాం. నర్సు అశ్విత చేజర్ల పిల్ల. నన్ను నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, మిషను గొట్టాన్ని పెదాలతో బిగించి పట్టుకోమంది.

"నిండా గాలి పీల్చి, ఎదురుగా దీపం ఉండాదనుకోమ్మా. దాన్ని ఆర్పేటట్టు ఒక్క ఊపున ఊదు."

ఊదాను. చాల్లేదంది. మళ్లీ ఊదాను. తెరమీద గీత సరిగా లేవనే లేదు.

"ఊదేదానికే ఓపిక లేదు, ఇంక కొట్టేం చూస్తాది!" అన్నాడు మా ఆయన. అశ్విత ఆయన్ని బయట కూర్చోమంది. ఆ క్షణమే ఆ పిల్ల నాకు తెగ నచ్చేసింది.

"అమ్మా, నీకు ఓపిక లేక కాదు. ఊదబోయి ఆపుకుంటా ఉండావు. ఎందుకు?"

"దీపాన్ని నోటితో ఎవురన్నా ఆర్పుతారా? మా ఇంట్లో పువ్వుతో కొండెక్కిస్తాం. నువ్వు దీపం అనంగానే నా నోరు మూసుకపోతా ఉండాది."

అశ్విత పకపకా నవ్వింది. "తప్పు నాదేలే. దీపం వద్దు. పచ్చి కట్టెలు పెట్టినావు, పొయ్యి రాజుకోలేదు, చుట్టాలు ఆకుల ముందర కూర్చోనుండారు. ఊదుగొట్టం పట్టు!"

కాపురానికి వచ్చిన కొత్తలో పొగలో కళ్లు మండుతూ వండినదాన్ని, అది నాకు నేర్పాలా? "ఇంకా, ఇంకా, ఆపొద్దు!" అని ఆ పిల్ల అరుస్తుంటే కడుపు వీపుకు అంటుకునేదాకా ఊదాను. గీత లేచింది. కళ్లు తిరిగితే భుజం పట్టుకుంది, నీళ్లిచ్చింది. మరి రెండుసార్లు ఊదించి, మందు పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదమంది. ఈసారి గీత ఇంకా పైకి పోయింది. ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

డాక్టరు చూసి, మందు పీల్చాక గీత పెరిగింది గనక ఇది ఆస్తమా అన్నాడు. ఇన్‌హేలరు రోజూ వాడితే అన్ని పనులూ చేసుకోవచ్చట. ఎండుమిరప ఘాటుకు మాత్రం దూరంగా ఉండాలట.

"అయితే ఇంట్లోనే ఉండడం మేలు గదా సార్?" అన్నాడు మా ఆయన.

డాక్టరు నోరు తెరిచేలోపే నేనే అందుకున్నాను. "దూరంగా ఉండమన్నది మిరపకాయలకు, కొట్టుకు కాదు. బస్తాలు వెనక గదిలో వేసి, ఆ బేరం మీరు చూడండి. గల్లా నేను చూస్తా."

మర్నాడు పొద్దున్నే నా చేత్తోనే షట్టరు ఎత్తాను. మొదటి బేరం రామసుబ్బమ్మది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఏంది సుబ్బరత్నమ్మా, జబ్బేందో తెలిసిందా?"

గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఆస్తమా!" అని బజారు చివరిదాకా వినబడేలా చెప్పాను.