గుంటచేపలో లేదన్న భాగం

మాంటెవీడియో నగరంలోని మా ప్రయోగశాలలో డాక్టర్ అరోస్తెగీకి ఎదురు చెప్పినవాళ్లు లేరు, కొత్త పరిశోధకురాలు నిల్దా బెంతాంకోర్ వచ్చేదాకా. నేనక్కడ పద్నాలుగేళ్లుగా టెక్నీషియన్‌ని.

నిల్దాకి ఇచ్చిన పని చిన్నదే. ఒక ప్రోటీన్‌ని చేప, కప్ప, బల్లి, కోడి, మనిషి, అన్నింటిలోనూ చదివి పక్కపక్కన పేర్చాలి. అందులో ఆర్ఎన్ఏని పట్టుకునే భాగం తొంభై అమైనో ఆమ్లాల వరస; ఒక్కోదాన్ని మేం ఒక్కో అక్షరంగా రాస్తాం. కోట్ల ఏళ్లు గడిచినా వెన్నెముక ఉన్న ప్రాణుల్లో అది పెద్దగా మారలేదు. రోచా జిల్లా వైపు వానగుంటల్లో పుట్టి, గుంట ఎండగానే చచ్చిపోయే చిన్న చేపలో మాత్రం ఆ భాగమే లేదని డాక్టర్ ఆరేళ్ల కిందట వ్యాసం రాశాడు. ఆయన పేరంతా దానిమీదే వచ్చింది.

నిల్దాకి ఆ భాగం కనిపించింది.

"చేతులు కడుక్కునే అలవాటుందా నీకు? కోడి శాంపిల్ కలిసుంటుంది" అన్నాడాయన, మాతే ఆకు టీ తాగుతూ, తలెత్తకుండా.

ఆమె నన్ను వెంటబెట్టుకుని రోచా వెళ్లి, మోకాలిలోతు బురదలో కొత్త చేపలు పట్టింది. వేరే భవనంలో మళ్లీ చదివింది. శుక్రవారం మీటింగులో తెరమీద చూపించింది.

"ఇందులో నాలుగక్షరాలు కోడిలోనూ లేవు, మనిషిలోనూ లేవు. ఇది గుంటచేపదే, డాక్టర్. అప్పట్లో చదివిన ముక్కలు అతికించేటప్పుడు మధ్యది మీరే పోగొట్టారు."

"నిన్నగాక మొన్నొచ్చి నాకు పాఠాలు చెప్తావా?" ఆయన నావైపు తిరిగాడు. "ఎల్బియో, నువ్వు పక్కనే ఉన్నావుగా. కలిపేసిందని చెప్పు వీళ్లకి."

నేను లేచి నిలబడ్డాను. "కలవలేదు డాక్టర్. మధ్య ముక్క సరిగా రాలేదని ఆరేళ్ల కిందటే మీకు చెప్పాను."

 ఆయన మొహం కందిపోయింది.

"పొండి. ఇద్దరూ బయటికి పొండి!"

నడవలో నిల్దా మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె నామీదే విరుచుకుపడింది.

"ఆరేళ్లు! తెలిసీ నోరు కుట్టుకు కూర్చున్నావా? ఆయనంటే పేరు కోసం చేశాడు. నువ్వు దేనికోసం?"

"ఉద్యోగం కోసం."

"ఛీ" అని వెళ్లిపోయింది.

సెప్టెంబరులో డాక్టర్ తన వ్యాసం వెనక్కి తీసుకోక తప్పలేదు. ఆలోపే నిల్దా బల్ల ఖాళీ చేయించాడు. ఆమె సాల్తో ఊరికి వెళ్లి వేరే చోట చేరింది. నన్ను కింది అంతస్తులో గాజు సామాను కడిగే పనికి వేశాడు.

నిల్దా వ్యాసం అచ్చయ్యాక తెప్పించుకుని చూశాను. చివర్లో సాయపడినవాళ్ల పేర్లున్నాయి, ఆ వేరే భవనం కాపలాదారుతో సహా. రెండుసార్లు వెతికాను. నా పేరు లేదు.