కాలి మీద రెండు చుక్కలు

అనుపమ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. ఎర్ర పట్టుపోగు వేళ్ల సందున జారి కండె మీదికి ఎక్కుతోంది. పక్కన గోడకు ఆనించిన సెల్‌ఫోన్‌లో ఆమె తమ్ముడు సాయిగణేష్ ఇద్దరిని తప్పించుకుని పైకెగిరి బంతిని బుట్టలో వేస్తున్నాడు. అది పోయిన ఆటలోని ముక్క. అప్పటికి నాలుగోసారి చూస్తోంది.

"చాల్లే, ఆపు దాన్ని. అక్కవైనా సరే, నీ దిష్టే తగుల్తాది వానికి," అంది తల్లి సుమిత్రమ్మ.

ఆమె తలస్నానం చేసి తడి వెంట్రుకలు ముడేసుకుంది. చెంబులో పాలు, పళ్లెంలో పసుపు, కుంకుమ, రెండు కోడిగుడ్లు సర్దుకుంటోంది. సాయంత్రం ఆట ఉందంటే పొద్దున్నే రైల్వే గేటు అవతలి పాముపుట్టకు పాలు పోసి రావాల్సిందే. ఈ ఏడే మొదలైన బాస్కెట్‌బాల్ లీగ్ అది. ఆరు జట్లు, జట్టుకు పది ఆటలు, పైన నిలిచిన నాలుగు సెమీఫైనల్‌కు పోతాయి. సాయిగణేష్ ఆడే పెన్నా పాంథర్స్ ఏడు ఆడి ఐదు గెలిచింది. ఓడిన రెండు సార్లూ పాలు విరిగినాయని సుమిత్రమ్మ లెక్క.

వాకిట్లో చెరిగిన వేరుశనక్కాయలు ఎండబోస్తున్న పక్కింటి ఆంజినమ్మ ఆమెను చూసి నవ్వింది. "ఏమ్మే సుమిత్రా, మళ్లా బయల్దేరినావా? నీ పాలు తాగి తాగి ఆ పాము ఈపాటికి నీ కొడుకంత పొడుగు అయ్యుంటాది. దాన్నే ఆడిపిచ్చరాదా!"

"నీ నోరు కడుక్కో మే, పొద్దున్నే. ఆ నాగప్ప దయ లేకుంటే నా కొడుకు యాడుండేవాడు?"

ఆంజినమ్మ వెంటనే నవ్వు ఆపి చెంపలు వేసుకుంది. ధర్మవరంలో ఆ వీధి వాళ్లందరికీ తెలిసిన సంగతే. పదిహేడేళ్ల కింద సుమిత్రమ్మ భర్త తిప్పేస్వామి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే పాము కరిచి చనిపోయాడు. ఎండాకాలంలో చల్లదనానికి పాములు మగ్గం గుంటల్లోకి దిగడం కొత్తేమీ కాదు. ముప్పై నాలుగేళ్లకే పోయిన మనిషి భార్య, కొడుకు కోసం పుట్ట చుట్టూ తిరుగుతుంటే ఎవరు ఏమంటారు?

ఆ సాయంత్రం కోయంబత్తూరు జట్టుతో ఆట. వీధిలో సగం మంది సుమిత్రమ్మ ఇంట్లోనే ఉన్నారు. మగ్గం కోసం వదిలిన జాగా పోగా మిగిలిన చోట చాపలు పరిచారు. సాయిగణేష్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. "వీని కాళ్లకు మన మగ్గం గుంట చాలదు. అందుకే బంతాటకు పోయినాడు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

మూడో భాగంలో అది జరిగింది. సాయిగణేష్ ఒక బుట్ట వేసి వెనక్కి పరుగెత్తుతున్నాడు. సగం దూరంలో పరుగు నడకైంది. ఎవరూ లేని చోట, ఎవరూ తగలకుండా ఆగాడు. కుడిచెయ్యి చాచి, పట్టుకోవడానికి ఏదో వెతికినట్టు గాలిలో ఒకసారి తడిమాడు. మోకాళ్ల మీద కూలి, బోర్లా పడ్డాడు.

చాపల మీదున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. టీవీలో ఎవరో కండరం పట్టేసిందన్నారు, ఎవరో వేడి అన్నారు. పది క్షణాలు గడిచాయో లేదో అతనే లేచి కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. చివరి భాగంలో మళ్లీ దిగి తొమ్మిది పాయింట్లు చేశాడు. జట్టు గెలిచింది. వీధిలో ఈలలు మోగాయి. సుమిత్రమ్మ రెండు చేతులూ ఎత్తి గాలికి దండం పెట్టింది.

అనుపమ మాత్రం టీవీ కట్టేసిన తర్వాత కూడా ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంది.

అట్లాంటి చెయ్యి ఆమె ఇంతకు ముందొకసారి చూసింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. తమ్ముడు ఐదేళ్ల వాడు, మేనత్తల వెంట చుట్టాల ఊరికి పోయి ఉన్నాడు. నాయన మగ్గం మీద ఉంటే ఆమె గోడవార ఎక్కాలు రాసుకుంటోంది. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. తలెత్తి చూసేసరికి నాయన కుడిచెయ్యి చాచి మగ్గం నిట్టాడు గుంజ కోసం తడుముతున్నాడు. అది అందలేదు. నేసిన చీర మీదే ఒరిగిపోయాడు. గుంటలో పాము లేదు. ఆమె దిగి చూసింది కూడా.

అమ్మ గుండెలు బాదుకుంటుంటే అవ్వ రామసుబ్బమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ముందు తలుపు మూసింది. చీర కుచ్చులు కట్టే సూది తెచ్చింది. కొడుకు ఎడమకాలు ఒళ్లో పెట్టుకుని మడమ పైన రెండు చోట్ల గుచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, రెండు చుక్కలు మాత్రం పాము కోరల ఎడంతో సరిగ్గా పడ్డాయి. "వీని నాయనా ఇట్లే పోయె. ఈ వంశంలో మగోళ్లకు ఆయుస్సు లేదని తెలిస్తే పెండ్లి కావల్సిన ఆడబిడ్డలు ఇద్దరుండారు, వాళ్లనెవరు చేసుకుంటారు? రేపు మన పిల్లోనికి బిడ్డనెవరిస్తారు?" అంది. అప్పుడు గోడవారనున్న మనవరాలిని చూసింది. "పాము పోతాంటే చూసినావు కదా? నల్లగా ఉన్నింది కదా?"

ఉన్నిందని అనుపమ తలూపింది. ఆ తలూపుడుతోనే పదిహేడేళ్లు గడిచాయి. మేనత్తలిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, అవ్వ పోయింది.

పదో ఆట కూడా ముగిసింది. పాంథర్స్ రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్‌కు ముందు మూడు రోజులు సెలవిస్తే సాయిగణేష్ ఇంటికి వచ్చాడు. జట్టులో అతని గదిలో ఉండే కళ్యాణదుర్గం కుర్రాడు వీరేష్ కూడా వెంట వచ్చాడు. సాయిగణేష్ క్షవరానికి పోయినప్పుడు వీరేష్ రాట్నం దగ్గరకు వచ్చి చతికిలబడ్డాడు.

"అక్కా, నీకొకటి చెప్పల్ల. చెప్పినానని వానికి తెలిస్తే నాకు ఒక్క పాసు గూడా ఇయ్యడు. ఇప్పుడే అంతంత మాత్రం ఇస్తాడు."

"చెప్పప్పా."

"ఆటలో పడింది మీరంతా చూసినారు. పోయిన వారం హోటల్ మెట్లెక్కతా గూడా పడినాడు. లిఫ్టు చెడిపోయింటే నడిచి పోతాంటిమి. మూడో అంతస్తు కాడ గోడ తడుముకుంటా అట్లే జారిపోయినాడు. మొగం తెల్లగా సున్నం కొట్టినట్లు అయ్యింది. నేను మొగాన నీళ్లు కొట్టినా."

అనుపమ చేతిలో పోగు తెగింది. ముడి వేయడానికి రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. "డాక్టరుకు చెప్పినారా?"

"ఆటలో పడినందుకే, పదో ఆట అయినాంక గుండెకు ఈసీజీ తీసినారు. రవ్వంత తేడా ఉండాదంట. ఆటగాళ్లకు మామూలుగా గూడా అట్ల వస్తాదంట. మెట్ల సంగతి వాడు చెప్పలే, నన్నూ చెప్పనియ్యలే. మా జట్టు డాక్టరు సునంద మేడమ్ ఇంటోళ్లతో మాట్లాడి అడిగేది అడిగినాంక సంతకం పెడతాది. అది పెడితేనే వాడు సెమీఫైనల్‌కు దిగేది."

సుమిత్రమ్మ పొయ్యి దగ్గర రాగిసంగటి గెలుకుతోంది. అనుపమ పోయి పక్కన నిలబడింది.

"అమ్మా, నాయన సంగతి డాక్టరుకు చెప్పల్ల."

సుమిత్రమ్మ గెలకడం ఆపలేదు. "ఏం సంగతి?"

"నీకు తెల్దా?"

"పాము కరిచి పోయినాడు. ఊరందరికీ తెలుసు."

"అమ్మా, వాడు రెండుసార్లు పడినాడు. మెట్ల మీద గూడా."

సంగటి కట్టె ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. "ఎండకు పడింటాడు. మీ మేనత్తలకు ఇద్దరిద్దరు మగపిల్లోళ్లు ఉండారు. కదిరోళ్లు నిన్ను చూసేకి వచ్చే నెల వస్తామన్నారు. ఇంతమంది కొంపలు కూల్చేకి నీకు నోరెట్ల వస్తాది? పది ఆటలకూ పాలు పోసినా. ఆ సామి చూసుకుంటాడు."

అనుపమ తల్లి ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పేవాళ్ల ముఖంలా లేదది. చెప్పి చెప్పి, పాలు పోసి పోసి, లేని పామును సుమిత్రమ్మ ఎప్పుడో కళ్లారా చూసేసింది. అనుపమకు అదే ఎక్కువ భయం వేసింది. కోపమైతే వాదించవచ్చు. ఆ ముఖంతో ఏమని వాదిస్తుంది?

మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు సంగటి తింటున్నారు. వీరేష్ బంధువులను చూడటానికి సోమందేపల్లె బస్సెక్కాడు. సుమిత్రమ్మ గంటె పట్టుకుని వడ్డిస్తోంది. సాయిగణేష్ ఫోను మోగింది. చెయ్యి ఎంగిలిది కావడంతో మోచేత్తో నొక్కి స్పీకరు పెట్టాడు.

"సాయిగణేష్, నేను డాక్టర్ సునందని. మీ అమ్మగారు ఉన్నారా? రెండు ప్రశ్నలు, అంతే."

"ఉండాది మేడమ్, అడగండి. అమ్మా, బెదురుకోవాకు. నీకేం సూది వెయ్యదులే!"

"అమ్మా, మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా? బాగున్న మనిషి, జబ్బేమీ లేకుండా? జాగ్రత్తగా ఆలోచించి చెప్పండి. అట్లాంటిది ఉంటే, ఈ ఈసీజీకి అర్థం మారిపోతుంది. పరుగులో ప్రాణం పోవచ్చు. లేకపోతే ఆడనిస్తాను."

"అట్లాంటిదేం లేదమ్మా. మా ఇంటాయన పాము కరిచి పోయినాడు."

"అబ్బాయి తాతగారు?"

"ముసలోడు. వయసై పోయినాడు."

"సరేనమ్మా. అయితే సంతకం పెట్టి పంపేస్తాను."

సాయిగణేష్ తల్లి వైపు చూసి కన్ను గీటాడు. అవతల కాగితం తిప్పిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"పాము కాదు," అంది అనుపమ.

ఆమె గొంతు ఆమెకే ఎవరిదోలా ఉంది. ఫోను వైపు వంగి మళ్లీ చెప్పింది. "డాక్టరమ్మా, సంతకం పెట్టొద్దండి. మా నాయనను పాము కరవలేదు. నేస్తా నేస్తానే పడిపోయినాడు. ముప్పై నాలుగేండ్లు. మా తాతకు ముప్పై ఆరు, ఆయనా అట్లే. కాలి మీద చుక్కలు మా అవ్వ సూదితో గుచ్చింది. నేను ఆడనే ఉన్న్యా. వీడు హోటల్ మెట్ల మీద గూడా పడినాడు, మీకు చెప్పలేదు."

సాయిగణేష్ నవ్వబోయాడు. "ఏమక్కా, కండెలు చుట్టి చుట్టి బుర్ర తిరిగిందా? ఇంకా రెండు ఆటలుండాయి, రెండే రెండు. నా నోట్లో మన్ను కొట్టాలనా? అమ్మా, చెప్పు దీనికి."

"సాయిగణేష్, నా మాట వినండి," అంది ఫోను. "ఇప్పటి నుంచి పరుగు వద్దు, బరువు ఎత్తడం వద్దు. రేపు పొద్దున్నే అక్కను వెంటబెట్టుకుని రండి. గుండెకు స్కానింగ్ చేయాలి. అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమేనా?"

సాయిగణేష్ చేతి మీద సంగటి ఆరిపోతోంది. అతని ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఐదేళ్ల పిల్లవాడిలా, కాదని చెప్పమన్నట్టు తల్లి వైపు చూశాడు.

"చెప్పమ్మా. పామే కదా? పామే కదమ్మా నాయనను కరిచింది?"

సుమిత్రమ్మ గంటెను గిన్నె మీద పెట్టింది. అది జారి కింద పడితే మళ్లీ తీసి, ఈసారి సరిగ్గా పెట్టింది. కొడుకు విశాలమైన ఛాతీని, చొక్కా లోపల ఏదో వినబోతున్నట్టు, చాలాసేపు చూసింది. ఆ తర్వాత కొంగు నెత్తిన కప్పుకుని లేచింది. తలుపు తీసి, చెప్పులైనా తొడుక్కోకుండా, ఉత్త చేతులతో ఎండలో రైల్వే గేటు వైపు వెళ్లిపోయింది.