ఇరవై ఏడో పేజీలో నవ్వు

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. ముప్పై రెండు పేజీలు, నిగనిగలాడే అట్ట. గురువుగారి మట్టిబొమ్మను ఎదురుగా పెట్టుకుని విలువిద్య నేర్చుకుని, చివరికి ఆ గురువే అడిగితే బొటనవేలు కోసి ఇచ్చేసిన అడవి కుర్రవాడి కథ నాలో ఉంది. పేరు చెప్పకపోయినా మీకు తెలుసు. చదివినవాళ్ళు ముచ్చటగా ఉన్నానంటారు. నాకు మాత్రం నన్ను నేను తలుచుకుంటే రోత.

నన్ను గీసినవాడు సన్యాసిరావు. అనకాపల్లి మనిషి. విజయవాడలో ఒక ప్రచురణకర్త దగ్గర ఇరవై ఏళ్ళుగా పిల్లల పురాణాలకు బొమ్మలు వేస్తున్నాడు. నా కోసం మన్యం వెళ్ళి, వారం రోజులు సంతల్లో కూర్చుని, కంటపడిన మనుషులనల్లా గీసుకొచ్చాడు. అక్కడి ఆడవాళ్ళు ముక్కుకు పెట్టుకునే మూడు పుడకలను కూడా వదల్లేదు. ఇరవై ఏడో పేజీలో వేలు తెగిన కుర్రవాడు కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ నరాలు ఉబ్బి, పళ్ళు బిగబట్టి ఉన్నాడు. రంగులు వేసే అమ్మాయి ఆ ముఖం చూసి కాసేపు కుంచె పక్కన పెట్టేసింది.

యజమాని అచ్యుతరామయ్య టిఫిన్ తిన్న చేతిని రుమాలుతో తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

“ఏవిటయ్యా ఇది, కసాయికొట్టులాగా! రక్తం తీసెయ్యి. మనది గురుభక్తి కథ. సంతోషంగా ఇచ్చాడని కదా చెప్పాలి? నవ్వించు.”

“వేలు కోసుకుంటూ ఎవరైనా నవ్వుతారాండీ?”

“మన పుస్తకంలో నవ్వుతారు. ఇంకోటి, ఈ గూడెం జనానికి కాస్త కోరలు పెట్టు. అడవివాళ్ళని పిల్లలకి తెలియద్దూ?”

సన్యాసిరావు రెండు రోజులు వాదించాడు. మూడో రోజు కోరలు పెట్టాడు. పొట్టకూటి కోసం అని మీరు అతన్ని క్షమించవచ్చు. నేను క్షమించలేకపోయింది అతని పనితనాన్ని. ఒక్కో కోర మీద తళుక్కుమనేలా చిన్న తెల్లచుక్క కూడా పెట్టాడు! పన్నెండో పేజీలో ఆడవాళ్ళకైతే ఆ కోరల పైనే సంతలో చూసిన మూడు పుడకలు. ఇక రాకుమారులు గులాబీ బుగ్గలతో, ఇప్పుడే ఆవిరి మీంచి దించిన కుడుముల్లా ఉన్నారు.

అలా అచ్చయ్యాను. విశాఖలో ఎవరో పెద్దమనుషులు నన్ను కొని, ఫోటోలు దిగి, పాడేరు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టలు బడికి దానం చేశారు. కొండ మీది పిల్లలూ కింది ఊళ్ళ పిల్లలూ కలిసి చదివే బడి అది. “మీ పూర్వీకుల కథ, శ్రద్ధగా చదవండి” అన్నాడు దాతల్లో ఒకాయన.

పాంగి బుద్రి ఆరో తరగతి. వాళ్ళది కొండ మీది ఊరు. నెలకో ఆదివారం వాళ్ళమ్మ ఆరు మైళ్ళు నడిచి కూతుర్ని చూడటానికి వచ్చేది. ఆ నెల కూడా వచ్చింది. ముక్కుకు మూడు పుడకలు. నన్ను చదివిన కింది ఊరి పిల్ల ఒకతె అరిచింది.

“ఒసే, పన్నెండో పేజీ వచ్చిందే!”

అందరూ విరగబడి నవ్వారు. తెలుగు సరిగా రాని ఆ తల్లి, పిల్లలేదో సరదా పడుతున్నారనుకుని తానూ నవ్వింది. బుద్రి ఆమెను అన్నం కూడా తిననివ్వకుండా చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళి పంపేసింది. తరువాతి నెల రావద్దని కబురు పెట్టింది. ఆ సాయంత్రం నన్ను బీరువాలోంచి తీసి మూడుసార్లు చదివింది. చింపేస్తుందేమోనని ఆశపడ్డాను. చింపలేదు.

కొన్నాళ్ళకు ఆ పెద్దమనుషులే సన్యాసిరావును బడికి పిలిపించారు. అతను మన్యం సంతల్లో కూర్చుని మనుషుల్ని గీసుకున్న సంగతి చెప్పి, సుద్దముక్కతో నాలుగు గీతల్లో ఏనుగును గీసి చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏమైనా అడగండర్రా అంది టీచరు. బుద్రి నన్ను పట్టుకుని లేచింది.

“ఈ ఆడోళ్ళకి కోరలు మీరే ఎట్టినారా అండి?”

“అవునమ్మా.”

“మూడు పుడకలూ సంతలో సూసి గీసినారు. మరి కోరలెక్కడ సూసినారు?”

“బుద్రీ! కూర్చో!” అంది టీచరు.

ఆ పిల్ల కూర్చోలేదు. ఇరవై ఏడో పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. “మా సినాన్నకి కలప మిల్లులో రంపం తగిలి వేలు పోనాది. నేను పక్కనే ఉన్నాను. నవ్వనేదు. వాంతి సేసుకున్నాడు. ఈడెందుకు నవ్వతన్నాడు?”

యజమాని పేరు సన్యాసిరావు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

“నవ్వించమన్నారు, నవ్వించేశాను తల్లీ. తప్పు నాదే.”

తరువాత నేల మీద చతికిలబడి, జేబులోంచి బ్లేడు తీసి నా పన్నెండో పేజీలో కోరలు గీకడం మొదలుపెట్టాడు. కాగితానికి చిల్లులు పడ్డాయి. అచ్చయినప్పటి నుంచీ నాకు హాయి అనిపించింది అప్పుడొక్కసారే. ఇరవై ఏడో పేజీ ముఖం మీద తెల్లకాగితం అంటించి, పెన్సిలు తీసి మునుపటిలాగే మూసుకున్న కళ్ళు గీయబోయాడు.

“మా సినాన్న కళ్ళు ముయ్యనేదండి” అంది బుద్రి. “వేలు పడ్డ సోటు సూస్తా ఉండిపోనాడు. అది తనది కాదేమో అన్నట్టు.”

తుడిచి, మళ్ళీ గీశాడు. ఆ పిల్ల కాదంది. మూడోసారి గీసింది చూసి తల తిప్పేసుకుంది. సన్యాసిరావు పెన్సిలు కింద పెట్టాడు.

అతను అచ్యుతరామయ్యకు ఉత్తరం రాశాడు, ఇకమీదట ఆ ముఖమే వెయ్యాలని, లేదంటే తన పేరు తీసెయ్యమని. పేరు తీసేశారు. రెండో ముద్రణ ప్రతి ఒకటి బడికి కూడా వచ్చింది. కొత్త చిత్రకారుడెవరో కుర్రవాణ్ణి ఇంకా వెడల్పుగా నవ్వించాడు. దేశంలో వేలకొద్దీ ఇళ్ళల్లో వేళ్ళు తెగుతున్నాయి, నవ్వులు పూస్తున్నాయి. ఛీ.

బుద్రి మాత్రం తల్లికి రమ్మని కబురు పెట్టింది. ఆదివారం ఆమె సీతాఫలాలు మూటగట్టుకుని వచ్చింది. ఇద్దరూ అందరికీ కనబడేలా వరండా మధ్యలో కూర్చుని తిన్నారు. బుద్రి చేతులు తుడుచుకుని నన్ను తెరిచింది. తల్లి చదువుకోలేదు. బొమ్మలు చూసుకుంటూ పన్నెండో పేజీ దగ్గర ఆగి, నోళ్ళ దగ్గర చిల్లుల్లో వేలు పెట్టి చూసింది.

“ఎలకలు కొట్టేసినాయేటి?” అంది వాళ్ళ భాషలో.

బుద్రి ఆమె భుజానికి తల ఆనించింది.

“అవునమ్మా, ఎలకలే” అంది.