గోడ కింది బావి

మా అత్తగారు బుల్లెమ్మగారు నాతో మాట్లాడేవారు కాదు. కోపమేమీ లేదు, మర్యాద. అల్లుడికి ఎదురుపడకూడదు, పడినా నోరు విప్పకూడదు అన్నది బాపట్ల పక్కన వాళ్ళ ఊళ్ళో ఆవిడ తరం వాళ్ళ పద్ధతి. నా భార్య వేదవతి ఉన్నన్నాళ్ళూ దానివల్ల ఇబ్బందేమీ తెలియలేదు. ఆవిడ కూతురితో చెప్పేవారు, కూతురు నాతో చెప్పేది. వేదవతి జబ్బుపడ్డప్పుడు సాయానికి వచ్చిన ఆవిడ, కూతురు పోయాక కూడా ఉండిపోయారు. మాకు పిల్లలు లేరు. బాపట్లలో ఆవిడకు తమ్ముడి కొడుకున్నాడు గాని, వెళతానని ఆవిడ అనలేదు, వెళ్ళమని నేనూ అనలేదు. ఈ రెండూ ఎవరు ఎవరితో అనాలి?

అలాంటి ఇల్లు రెండున్నరేళ్ళు నడిచిందంటే పక్కింటి సులోచన పుణ్యం.

మేము పదేళ్ళుగా అద్దెకున్నది చిక్కడపల్లిలో శ్రీపతిగారి ఇంట్లో. పూర్వం ఆయనా ఆయన అన్నగారూ వాటాలు పంచుకున్నప్పుడు బావిని పంచలేక, దాని నడిమీదుగా గోడ కట్టేశారు. సగం బావి మా పెరట్లో, సగం అవతల. అటు ఒక గిలక, ఇటు ఒక గిలక. అన్నగారి వాటాను తరవాత జగదీశ్వర్ తండ్రి కొన్నాడు. ఇప్పుడు అందులో జగదీశ్వర్, అతని భార్య సులోచన, ఇద్దరు పిల్లలు ఉంటున్నారు. కుళాయిలో తోలు వాషరు ఉంటుందని మా అత్తగారు మడికి కుళాయి నీళ్ళు ముట్టరు. కాబట్టి తెల్లవారకముందే ఆవిడ చేద వేసేవారు. అవతల సులోచన బొక్కెన దించేది. ఒకరి మొహం ఒకరికి కనబడదు. మాటలు మాత్రం బావి గుండా వెళ్ళి బావి గుండా వచ్చేవి.

"సులోచనా, కందిపప్పు నిండుకుందని మా అల్లుడుగారితో చెప్పాలమ్మా."

నేను ఆ పక్కనే, అటు వీపు తిప్పి, పది అడుగుల దూరంలో గడ్డం గీసుకుంటూ ఉండేవాణ్ణి. అయినా గోడవతల నుంచి కేక వచ్చేది.

"ఓ మూర్తి అన్నా! కందిపప్పు అయిపోయిందంట!"

"సాయంత్రం తెస్తానని చెప్పండమ్మా."

"పెద్దమ్మా, సాయంత్రం తెస్తడంట. పోయినసారి గిట్లనే చెప్పి మరిచిండు, యాదికున్నదా?"

ఆ చివరి ముక్క సులోచన సొంతం. అత్తగారు నవ్వినట్టు గిలక చప్పుడుని బట్టి నాకు తెలిసేది.

1969 వేసవిలో శ్రీపతిగారు ఇల్లు అమ్మకానికి పెట్టారు. సుల్తాన్ బజార్‌లో ఆయనకు బట్టల దుకాణం ఉంది. కొడుకు దాన్ని పెద్దది చేద్దామంటున్నాడట. "పదేండ్ల సంది కిరాయికున్నరు. ముందుగాల మిమ్మల్నే అడుగుతున్న," అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. ప్రావిడెంటు ఫండు, హౌసింగు లోను కలిపితే ఒక ఇల్లు కొనగలను. ఎక్కడ కొనాలన్నదే తేలలేదు.

అది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న సంవత్సరం. బడులూ కాలేజీలూ మూతబడ్డాయి. కొన్ని రోజులు బస్సులు తిరగలేదు. జగదీశ్వర్ చొక్కాకు నల్లగుడ్డ ముక్క తగిలించుకుని ఆఫీసుకు వెళ్ళేవాడు. వీధిలో కనబడితే ఎప్పటిలాగే "నమస్తే మూర్తిగారు" అనేవాడు. ఆంధ్రావాణ్ణి, జవాబు ఎంత పొడుగ్గా ఉండాలో తెలియక నేనే గబగబా లోపలికి వచ్చేసేవాణ్ణి. బడులు లేవు కదా అని సులోచన పిల్లలను తీసుకుని జనగామలో పుట్టింటికి వెళ్ళింది.

దాంతో మా ఇల్లు మూగబోయింది. వినవలసిన కేకలు లేక నేనూ పొద్దెక్కాక గాని లేచేవాణ్ణి కాదు. పప్పు అయిపోతే డబ్బా బోర్లించి గుమ్మంలో పెట్టి ఉండేది. నూనె అయిపోతే సీసా. కాఫీ గ్లాసు కిటికీలో కనబడేది, ఆవిడ కనబడేవారు కాదు. ఒక ఆదివారం పెరట్లో ఆవిడ ట్రంకు పెట్టె మూత తెరిచి ఎండలో ఉంది. చీరలన్నీ మడతలు విప్పి దండెం మీద ఆరేసి ఉన్నాయి. బాపట్ల ప్రయాణమేమోనని నాకు అనుమానం వచ్చింది. ఊళ్ళో గొడవలకు భయపడుతున్నారు, ఇక్కడ ఆవిడకు ధైర్యంగా లేదు అనుకున్నాను. అడగడానికి మధ్యలో మనిషి లేదు.

మా ఆఫీసులో వెంకటరామయ్యది గుంటూరు. నాతో పాటే కర్నూలు నుంచి రాజధానితో కదిలి వచ్చినవాడు. అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు.

"ఏమయ్యా మూర్తీ, ఇంకా ఏం చూస్తున్నావు? మా వెనక వీధిలో ఇల్లు అమ్మకానికొచ్చింది. అంతా మనవాళ్ళే. పిలిస్తే పలికేవాళ్ళు పాతికమంది. పెద్దావిణ్ణి పెట్టుకుని ఆ చిక్కడపల్లి సందులో దేనికి?"

"బావి ఉందా?"

"బావా! నువ్వొచ్చి చూడు."

అంతకుముందే నారాయణగూడలో మార్కెట్టు దగ్గర ఒక ఇల్లు చూశాను. మేడ మీద వాటా, కింద సైకిలు షాపు, కుళాయి ఒక్కటే. మళ్ళీ అటు వెళ్ళలేదు. అశోక్‌నగర్ ఇల్లు మాత్రం చూడగానే నచ్చింది. వెడల్పు వీధి, ముందు రెండు కొబ్బరి మొక్కలు, వెనక మంచి రాతికట్టు బావి. చుట్టూ గచ్చు. మడికి ఇంతకంటే ఏం కావాలి? శుక్రవారం బయానా ఇస్తానని మాటిచ్చాను.

బుధవారం అత్తగారికి ఆ ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళాను. రమ్మన్న కబురు రిక్షావాడి చేతే లోపలికి చెప్పించాను. ఆవిడ నా పక్కన కూర్చోరు కాబట్టి రెండు రిక్షాలు మాట్లాడాను. రిక్షా ఈదయ్య నన్నూ గుమ్మంలో ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరు సన్నగనే ఉన్నరు గద సార్. ఒక్కదాంట్లనే పడతరు."

"పరవాలేదు, రెండోది పిలువు."

"మీ ఇష్టం. మా బామ్మర్దికి బేరం దొరికింది."

ఆవిడ రిక్షా ముందు, నాది వెనక. అశోక్‌నగర్‌లో వెంకటరామయ్య భార్య బాలత్రిపురసుందరిగారు దగ్గరుండి గదులు చూపించారు. అత్తగారు వంటిల్లు చూశారు. పెరట్లోకి వెళ్ళి ఒక చేద తోడి, నీళ్ళు దోసిట్లో పోసుకుని రుచి చూశారు. తరవాత బావి చుట్టూ తిరిగారు. ఒకసారి ఇటునుంచి, మళ్ళీ అటునుంచి.

"ఎలా ఉందండీ పిన్నిగారూ?"

"బావి బాగుందమ్మా," అన్నారు.

నేను వసారాలో నిలబడి ఆ మాట విన్నాను. నా మనసు కుదుటపడింది. ఇక బాపట్ల మాట ఉండదనుకున్నాను.

గురువారం సాయంత్రం శ్రీపతిగారు జవాబు కోసం వచ్చి వసారాలో కూర్చున్నారు.

"చెప్పుర్రి మూర్తిగారు. ఇంకొకాయన చక్కర్లు కొడుతుండు. మీది తేలకుంట ఆయనకెట్ల మాటిస్త?"

"శ్రీపతిగారూ, నేను అశోక్‌నగర్‌లో..." అని మొదలుపెట్టాను.

లోపలి తలుపు వెనక చెంబు నేలకు తగిలిన చప్పుడైంది.

"శ్రీపతిగారూ," అన్నారు అత్తగారు తలుపు వెనక నుంచే. "మా అల్లుడుగారితో ఒక్క మాట చెప్పాలి."

శ్రీపతిగారు అటు తిరిగారు. "ఎవరితోని? ఈయనతోనా?"

"అవును."

"ఈయన ఈడ్నే కూసున్నడు గదమ్మా. చెవులు మంచిగనే ఉన్నయి. మీరే చెప్పుర్రి."

"అలా చెప్పకూడదు నాయనా."

"ఎందుకు చెప్పొద్దు? కొట్లాడిన్రా?"

"లేదు, లేదు. మా పద్ధతి."

ఆయన నన్ను చూశారు. నేను తల ఊపాను. ఆయన కాసేపు తల గోక్కున్నారు.

"అమ్మా, నేను బట్టల దుకాణపోణ్ణి. ఇటు మాట అటు చెప్పంగ నడుమల గజం తక్కువైతది. రేపు మీరు ఏందో చెప్పిన్రు, నేను ఏందో చెప్పిన అంటరు. ఇల్లు ముచ్చట ఇది, చీర గాదు. నాతోని పెట్టుకోకుర్రి."

ఆ తరవాత తలుపు కిర్రుమంది. అత్తగారు కొంగు భుజాల నిండా కప్పుకుని గడప మీద నిలబడ్డారు. నన్ను కాదు, వసారా స్తంభాన్ని చూస్తున్నారు.

"బాబూ, ఆ ఇల్లు వద్దు," అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆ గొంతు నావైపు తిరగడం అదే మొదటిసారి.

"బావి బాగుందన్నారు గదా అత్తయ్యగారూ?"

"బాగానే ఉంది. ఆ బావితో ఏం మాట్లాడను? చుట్టూ తిరిగి చూశాను. ఏ వైపునా గొంతు వినబడేంత దగ్గరలో మనిషి లేదు. ఆ ఇంట్లో మీరొక మూలా నేనొక మూలా. మధ్యలో ఎవరు?"

ఆవిడ కోసమని మనవాళ్ళను వెతికాను, రాతికట్టు వెతికాను. మా ఇద్దరి మధ్యా ఉన్న ఒక్క గోడనూ తీసేయబోయానన్న సంగతి నాకు తట్టనేలేదు.

"పెట్టె ఎండబెట్టారు. బాపట్ల వెళదామనుకున్నారా?"

"అనుకున్నాను. సులోచన వెళ్ళాక ఈ ఇంట్లో నా గొంతు నాకే వినబడలేదు. మీకు బరువవుతున్నానేమో అనిపించింది. అడిగిపెట్టే దిక్కు లేదు."

"ఎంత మాట! బరువేమిటండీ. కాని ఈ రోజుల్లో ఇక్కడ..." అని ఆగిపోయాను. శ్రీపతిగారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆయన పెద్దమనిషి, వీధిలో ఎవరో వెళుతున్నట్టు అటు చూశారు.

అత్తగారికి అర్థమైంది. "ఆ అబ్బాయి సంగతేనా మీరనేది, జగదీశ్వర్? రోజూ తెల్లవారకుండా గోడవతల వచ్చి నిలబడతాడు. దగ్గుతాడు. నేను చేద వేసిన చప్పుడు వినేదాకా ఉండి వెళ్ళిపోతాడు. పెళ్ళాం చెప్పి వెళ్ళినట్టుంది. మొన్న నాకు ఒళ్ళు వెచ్చబడి ఆలస్యమైతే, పెద్దమ్మా మంచిగున్నవా అని పిలిచాడు. మీరు నిద్రలో ఉన్నారు."

నమస్తేకు జవాబు చెప్పడానికి వెతుక్కున్న రోజులన్నీ గుర్తొచ్చాయి.

"ఇక్కడైతే ఉంటారా అత్తయ్యగారూ?"

"ఉంటాను."

శ్రీపతిగారు తొడ చరుచుకుని నవ్వారు. "ఇగ ఇద్దరు మంచిగ మాట్లాడుకుంటున్నరు గద! ఇప్పుడు యాడ కొన్నా నడుస్తది. నా బేరం నేనే పాడు చేసుకుంటున్న."

"రెండున్నరేళ్ళకు ఒకసారి నోరు విప్పాను," అన్నారు అత్తగారు. "మళ్ళీ ఎన్నాళ్ళు పడుతుందో ఏమో. అందాకా ఆ గోడ ఉండనివ్వండి." ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆఫీసులో వెంకటరామయ్య చెయ్యెత్తి దండం పెట్టాడు. "నీకు మంచి చెప్పడం నాదే బుద్ధితక్కువ. అత్తగారి మాట మీద ఇల్లు కొంటున్నవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"ఆవిడ ఒక్క మాటే కదయ్యా అన్నది," అన్నాను. వాడికి కోపం సాయంత్రం టీ దాకా కూడా నిలవలేదు.

ఇంటికి వస్తూ ఉంటే జగదీశ్వర్ తన గుమ్మంలో ఉన్నాడు. ఈసారి నేనే ముందుగా నమస్కారం చేసి, ఇల్లు కొంటున్నామని చెప్పాను.

"మంచి ముచ్చట చెప్పిన్రు. ఇయ్యాలనే సులోచనకు కార్డు రాస్త," అన్నాడు. తరవాత కొంచెం సిగ్గుపడుతూ, "పెద్దమ్మకు జరం తగ్గిందా?" అని అడిగాడు. తగ్గిందన్నాను. ఆ సంగతి నాకు నిన్ననే తెలిసిందని చెప్పలేకపోయాను.

కాళ్ళు కడుక్కుని వంటింటి గడప ఇవతల కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ అక్కడ కూర్చోలేదు. అత్తగారు లోపల కూర తరుగుతున్నారు. లేచి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. వెళ్ళలేదు. కత్తిపీట మాత్రం కొంచెం పక్కకు తిప్పుకున్నారు.

"ఒక సంగతి," అన్నారు కాసేపటికి. "ఆఖరి రోజు ఆస్పత్రిలో అది ఏమన్నా అడిగిందా?"

వేదవతి మాట మా ఇద్దరి మధ్యా రావడం అప్పుడే. పప్పూ ఉప్పూ బావి మీదుగా పంపించుకున్నాం గాని, ఈ ప్రశ్నను పక్కింటావిడ చేత ఎలా కేక వేయిస్తారు?

"మీ గురించే అడిగిందండీ. ఆ రోజు ఏకాదశి. అమ్మ కనీసం ఒక పండైనా తిన్నదా అంది."

"మీరేమన్నారు?"

"తిన్నారని చెప్పాను. నాకు నిజానికి తెలియదు."

కత్తిపీట ఆగింది.

"తినలేదు," అన్నారు ఆవిడ. చాలాసేపటికి, "అయినా మంచిపని చేశారు. విని ఏమంది?"

"అయితే సరే, అని అటు తిరిగి పడుకుంది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. నేను గచ్చు కేసి చూస్తూ కూర్చున్నాను. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. లేవాలని ఇద్దరికీ అనిపించలేదు.

"చిన్నప్పుడూ అంతే," అన్నారు అత్తగారు మళ్ళీ బీరకాయ అందుకుంటూ. "నేను తిన్నానంటే తప్ప నిద్రపోయేది కాదు. ఒకసారి ఏమైందో తెలుసా..."

ఆ చెప్పడం దీపాలు పెట్టే వేళ దాకా సాగింది.