పైనుంచి కనిపించని తెగులు

హేమశ్రీ ఇంటర్ పాసైన వేసవిలోనే డ్రోను నడపడం నేర్చుకుంది. చోడవరం పక్కనున్న వాళ్ళ ఊరి డ్వాక్రా సంఘానికి, పొలాలకు మందు కొట్టే డ్రోను ఒకటి వచ్చింది. శిక్షణకు ఎవరిని పంపాలా అని ఆడవాళ్ళంతా తర్జనభర్జన పడుతుంటే, సంఘం లీడర్ అచ్చియ్యమ్మ ఈ పిల్ల పేరు చెప్పింది. బైపీసీ చదివింది, పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఫోనులో ఏదైనా ఇట్టే పట్టేస్తుంది. అంతకన్నా ఏం కావాలి?

వానలు పడేసరికి హేమశ్రీకి చేతినిండా పని. రావికమతం నుంచి, రోలుగుంట నుంచి కూడా పిలుపులొచ్చేవి. వీపున ట్యాంకు మోసుకుని రోజంతా తిరిగిన రైతులు, టీ తాగేలోపు ఎకరం పూర్తయిపోతుంటే గట్టు మీద నిలబడి నవ్వుకునేవారు. డ్రోను లేచినప్పుడు ఆ గాలికి చెరకు ఆకులు ఒక్కసారిగా వంగి మళ్ళీ లేచేవి. ఎన్నిసార్లు చూసినా ఆమెకు విసుగు రాలేదు.

అలాంటప్పుడు సీటొచ్చింది. శ్రీకాకుళం అవతల వ్యవసాయ కాలేజీలో నాలుగేళ్ళ డిగ్రీ.

తండ్రి సత్యారావు, "ఎల్తావో మానేస్తావో నువ్వే సూసుకో. నాను బలవంతం పెట్టను" అన్నాడు. తల్లి నరసమ్మ మాత్రం ఊరుకోలేదు.

"సదువుకోయే. మళ్ళీ ఈ వయసు రాదు."

"సదివి ఏటి సేస్తానమ్మా? ఉద్యోగం కోసమే గదా అందరూ సదివేది. నాకు పని ముందే దొరికేసింది" అంది హేమశ్రీ.

కాలేజీలో చేరడానికి గడువు దగ్గర పడుతోంది.

ఆ వారంలోనే రోలుగుంట నుంచి పరదేశి ఫోన్ చేశాడు. ముసలి రైతు. అంతకుముందు నెల ఆయన చెరకు ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయంటే, మందుల షాపువాడు ఇచ్చిన మందును హేమశ్రీయే కొట్టి వచ్చింది.

"ఓసారి వచ్చి సూసి ఎల్లమ్మా" అన్నాడంతే.

వెళ్ళేసరికి చేను మధ్యలో దుబ్బులు దుబ్బులే ఎండిపోయి ఉన్నాయి. పరదేశి ఆమెను తిట్టలేదు. ఒక గడ నరికి నిలువునా చీల్చి చేతికిచ్చాడు. లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్లటి మచ్చలు. పులిసిన కల్లు వాసన గుప్పుమంది.

"ఇదేటమ్మా?" అని అడిగాడు.

హేమశ్రీకి తెలియలేదు. ఈ చేను మీదుగా అంతసేపు డ్రోను తిప్పింది, స్క్రీను మీద ప్రతి మూలా చూసింది. గడ లోపల ఏముందో ఒక్కసారైనా ఆలోచించలేదు. షాపువాడికి ఫోన్ చేస్తే ఇంకో మందు పేరు చెప్పాడు. ఈసారి ఆమెకు నమ్మకం కలగలేదు.

"ఈ గడ నాకియ్యి తాతా. అడిగొస్తాను" అంది.

మర్నాడు స్కూటీకి ఆ గడ కట్టుకుని అనకాపల్లి పరిశోధన కేంద్రానికి వెళ్ళింది. అక్కడి శాస్త్రవేత్త, నెరిసిన జుట్టున్న ఒకావిడ, గడ వాసన చూడగానే తల పంకించింది.

"ఎర్రకుళ్ళు తెగులమ్మా. ఇది గడ లోపల ఉంటుంది. ఆకుల మీద ఎంత మందు కొట్టినా లాభం లేదు."

మైక్రోస్కోపు దగ్గరకు పిలిచి కూర్చోబెట్టింది. కొడవలిలా వంగిన చిన్న చిన్న శిలీంధ్ర బీజాలు కనిపించాయి. హేమశ్రీ చాలాసేపు కన్ను తీయలేదు. ఎలా వస్తుంది, ఎలా పాకుతుంది, పక్క చేనుకు ఎలా వెళ్తుంది, అడుగుతూనే ఉంది. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. చివరికి నవ్వి, "ఇవన్నీ ఒక్క పూటలో చెప్పేవి కావు" అంది.

అట్నుంచి అటే పరదేశి దగ్గరకు వెళ్ళింది.

"ఎండిన దుబ్బులన్నీ ఏళ్ళతో సహా పీకి కాల్చెయ్యాలి తాతా. మళ్ళీ ఇక్కడ చెరకు వద్దు, వరెయ్యి. మిగతా చేను దక్కుతుంది."

"మరి నువ్వు కొట్టిన మందు?"

"దాని వల్ల ఏటీ అవ్వలేదు. తెలీక కొట్టేను."

పరదేశి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "నాకు మాత్రం తెలుసేటి? తెలిసినోల్లు ఈ గట్టు మీదకి రారు. నువ్వొచ్చేవు" అన్నాడు.

ఇద్దరూ కలిసి సాయంత్రం దాకా దుబ్బులు పీకారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే హేమశ్రీ తల్లితో చెప్పింది, కాలేజీకి వెళ్తానని.

సంఘం సమావేశంలో ఆ మాట విని అచ్చియ్యమ్మ నొచ్చుకుంది. "మరి డ్రోనుని ఏటి సెయ్యమంటావు? మూల పెట్టుకుని సూసుకోమనా?"

హేమశ్రీ తల వంచుకుంది. అప్పుడు, తనూ సంఘంలో సభ్యురాలైన నరసమ్మ కొంగు సర్దుకుంటూ, "నాను నేర్సుకుంటాను. పది పాసయ్యేను గదా" అంది.

కూతురు ఆశ్చర్యంగా చూసింది. తల్లి గొంతులో ఎక్కడా తడబాటు లేదు. కూతుర్ని సాగనంపడానికి అన్న మాటలా లేదు అది. ఎన్నాళ్ళ నుంచో తనకూ ఒక పని కావాలనుకుంటున్న మనిషి మాటలా ఉంది.

హేమశ్రీ హాస్టల్లో చేరాక నరసమ్మ శిక్షణకు వెళ్ళివచ్చింది. వరి పొట్ట మీదున్న రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"ఈ రోజు కె.కోటపాడులో రెండెకరాలు కొట్టేను. ఒక్కదాన్నే. మీ నాన్న గట్టు మీద కూకుని సూసేడు."

"బయమెయ్యలేదా అమ్మా?"

"ఎందుకెయ్యదు? పైకి లేచేదాకా ఏసింది. తరవాత బాగుంది." నరసమ్మ వెంటనే, "పక్క సేనులో ఆకుల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. ఫొటో పంపేను, సూడు. ఏటో సెప్పు" అంది.

హేమశ్రీ ఫొటో పెద్దది చేసి చూసింది. రెండు మూడు పేర్లు తట్టాయి కానీ చెప్పలేదు.

"నాకింకా తెలీదమ్మా. రేపు సార్‌ని అడిగి సెప్తాను."

"అడుగు. అంతవరకూ మందు కొట్టొద్దని ఆ రైతుకి సెప్పేసేను" అంది నరసమ్మ.